పేకముక్క మీది ఆకు, బర్రెల మేతలోని ఆకు

నేను సూరత్‌లో బట్టల మీద పూలూ ఆకులూ గీసి బతికాను. అరవై నిండకముందే ఎందుకు మానేశావని అడిగేవాళ్లకు, చేతిలో పని ఉండగానే మర్యాదగా తప్పుకోవాలని చెబుతుంటాను. అసలు సంగతి ఏమిటంటే, నా కళ్లు నాకంటే ముందు రిటైరయ్యాయి. ఒకరోజు గ్రాఫు కాగితం మీద నెమలిని గీశాను. మా సేఠ్ వచ్చి చూసి, కోడిపుంజు బాగా కుదిరింది, తోక కొంచెం తగ్గించు అన్నాడు. నేను మారు మాట్లాడకుండా తోక తగ్గించి ఇచ్చాను. ఆ తర్వాత ఎక్కువ కాలం ఆ కుర్చీలో లేను.

సూరత్‌లోని మా భేస్తాన్ పేట గల్లీల్లో మగ్గాల చప్పుడు వింటూ పెరిగిన పిల్లలు కొందరు ఇప్పుడు డిజైన్ పనిలోకి వస్తున్నారు. తెలుగులో మొదలుపెట్టి, హిందీలో నడిపి, గుజరాతీలో ముగించే పిల్లలు. కంప్యూటర్ ముందు కూర్చుని, నేను పది రోజులు గీసేదాన్ని టీ చల్లారేలోపు గీసేస్తారు. అయినా ఎప్పుడైనా నా గడప దగ్గర ఆగి, "చాచా, చేత్తోనే గీసెటోళ్లా మీరు? సచ్చీ?" అంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో ఉండదు. నాకు రావలసినవి రాలేదు, వచ్చినవి చెప్పుకోదగ్గవి కావు.

చూడని పూలు

ముందు పని ఏమిటో చెప్పాలి. జకార్డు మగ్గానికి బొమ్మ గీయాలంటే గళ్ల కాగితం మీద గీయాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. ఆ కాగితం చూసి మరొకాయన అట్టలకు రంధ్రాలు కొడతాడు. ఆ అట్టలన్నీ దండలా కుట్టి మగ్గం నెత్తిన వేలాడదీస్తారు. అట్టకు రంధ్రం ఉన్నచోట పోగు పైకి లేస్తుంది, లేనిచోట కిందే ఉంటుంది. అలా లేచిన పోగులన్నీ కలిసి పువ్వవుతాయి. నేను ఒక గడి తప్పు గీస్తే ఆ తప్పును మగ్గం తానంతా భక్తిగా నేస్తుంది. మనిషైతే, ఇదేదో తేడాగా ఉందే అని ఒక్కసారైనా ఆగుతాడు. మగ్గానికి ఆ మొహమాటం లేదు.

ఇక ఈ వృత్తిలోని రహస్యం. మేం గీసిన పూలలో ముప్పాతిక మేం ఎన్నడూ చూడనివి. నా మొదటి సేఠ్ కాంతికాకా నన్ను పనిలోకి తీసుకుంటూ అడిగిన ప్రశ్న ఒక్కటే: కాశ్మీర్ పూలు గీయగలవా? అక్కడ రెండేళ్లు ఉండి వచ్చానని చెప్పాను. అప్పటికి నేను చూసిన చలి ప్రదేశం మా తాలూకాలోని ఐసు ఫ్యాక్టరీ. క్యాలెండర్‌లో ట్యులిప్ పువ్వును చూసి చీర అంచు గీశాను. చీర మార్కెట్‌కు వెళ్లింది. వారం తిరగకుండా దుకాణాల నుంచి కబురొచ్చింది, ఆ కాందా డిజైన్ ఇంకా కావాలని. కాందా అంటే ఉల్లిగడ్డ. ఆడవాళ్లు దాన్ని ఉల్లిగడ్డల చీర అని మోజుపడి కొన్నారు. కాంతికాకా నన్ను పిలిచి భుజం తట్టి, "పేరు ఏదైనా పెట్టనీ మల్లేశ్, పేరంటూ పెట్టారు కదా" అన్నాడు.

ఆ రోజు ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుపడేవాడిని. పని నేర్పని సేఠ్‌లలో రెండు రకాలు. పొద్దస్తమానం తిట్టేవాడు ఒకడు, తప్పు చేసినా మెచ్చుకునేవాడు ఇంకొకడు. రెండోవాడే ప్రమాదం. ఆయన మెప్పు తలకెక్కించుకుని, చూడకుండా గీయడమే విద్య అనుకుని ముప్పై ఏళ్లు లాగించాను. ఇక నా గొప్పలకు అడ్డు లేకుండా పోయింది. అరబ్బు దేశపు ఖర్జూరం పువ్వు ఎట్లుంటదన్నా అని ఎవరైనా అడిగితే, వాసనతో సహా చెప్పేవాణ్ని.

బాలయ్యకు వినబడిన మాట

బాలయ్యది సిరిసిల్ల పక్క ఊరు, నాదీ అటువైపే. నన్ను అన్నా అంటాడు. సూరత్ అవతల కిమ్ అనే ఊరి దగ్గర ఒక పెద్ద మిల్లులో చాలా ఏళ్లు పరాయి మగ్గాలు నడిపాడు. అక్కడి మగ్గాల మాస్తరు ఒకరోజు అందరి ముందూ ఏదో అన్నాడట. ఏమన్నాడో ఇప్పటికీ చెప్పడు. ఆ గేటు దాటి వచ్చి, మళ్లీ దాని మొహం చూడనని ఒట్టు పెట్టుకుని, భేస్తాన్‌లో రేకుల షెడ్డు కింద పాత జకార్డు మగ్గాలు ఆరు పెట్టుకున్నాడు. భార్య రాజవ్వ నూలు కండెలు చుడుతుంది. వాళ్లిద్దరే యజమానులు, వాళ్లిద్దరే కూలీలు.

నేను చెప్పబోయే చలికాలం నాటికి ఆ ఆరు మగ్గాల్లో నాలుగు ఆగిపోయి ఉన్నాయి. చుట్టూ కొత్త రకం మగ్గాలు వచ్చాయి. ఇవి ఒక మూర నేసేలోపు అవి ఒక తాను బట్ట నేస్తాయి. పాత ఇనుము కొనే భంగార్‌వాలా ఒకసారి వచ్చి, పుచ్చకాయను తట్టి చూసినట్టు మగ్గాలను వేలితో తట్టి చూసి, మళ్లీ వస్తానని వెళ్లాడు. మగ్గాలు టెంపో ఎక్కితే బాలయ్యకు మిగిలే దారి ఒక్కటే, కిమ్ మిల్లు గేటు.

సరిగ్గా అప్పుడు సూరత్‌లోనే ఉన్న అడాజన్ పేట నుంచి హస్ముఖ్‌భాయ్ ఫోన్ చేశాడు. విదేశాలకు బట్ట పంపే వ్యాపారి. ఒక విదేశీ మేడం వచ్చిందని, పాత మగ్గం మీద నెమ్మదిగా నేసిన శాలువాలే ఆమెకు కావాలని, వాటి మీద ఆసియా ఖండంలో ఒక్కో ప్రాంతంలో తనంతట తాను పెరిగే క్లోవర్ ఒక్కోటి ఉండాలని చెప్పాడు. క్లోవర్ ఏమిటో బాలయ్యకు తెలియదని, "అరే, తీన్ పత్తీ" అని విడమరిచాడు. మూడాకుల మొక్క అని ఆయన ఉద్దేశం.

బాలయ్యకు వినబడింది వేరు. తీన్ పత్తీ అంటే సూరత్‌లో మగ్గం నడిపే ప్రతివాడికీ తెలిసిన పేకాట. ఇక క్లోవర్ అన్నది అతని చెవిలో పడేసరికి చక్కగా కళావర్ అయింది. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు. సందేహం ఎక్కడుంది?

నా దగ్గరికి పరుగున వచ్చాడు. "మల్లేశన్నా, మన మగ్గాలు బతికినయే. కళావర్ గీయాలట. పేకముక్క మీద ఉంటది సూడు, గదే."

"ఒక్కటేనా?"

"ఆసియా మొత్తం కావాల్నట. దేశానికో తీరు."

పేకముక్కలోని కళావరు దేశానికో తీరున ఎందుకుంటుందని నేను అడగాలి. డిజైన్ మాస్టర్‌నని చెప్పుకునేవాడు అడగవలసిన మొదటి ప్రశ్న అదే. నేను అడగలేదు. పైగా జవాబు చెప్పాను. "ఉంటది తమ్మీ. ఎండ దేశంల బక్కగ ఉంటది, చలి దేశంల బొద్దుగ ఉంటది. చైనా కళావరుకు కాడ వంకర."

"నీకెట్ల తెలుసే?"

"కాశ్మీర్‌ల ఉన్నప్పుడు చూసిన."

రాజవ్వ కండె చుడుతూ తలెత్తకుండా అంది: "బావ కాశ్మీర్ పోయిండంటే నేను లండన్ పోయినట్టే."

అయినా గీశాను. మూడు గుండ్రటి బంతులు, కింద ఒక కాడ. బక్కవి, బొద్దువి, వంకరవి. బాలయ్య ప్రేమగా నేశాడు. నల్ల పట్టు మీద వెండి రంగు కళావర్లు. నిజం చెప్పొద్దూ, చూడటానికి బ్రహ్మాండంగా ఉంది.

అనేకమ్మ

మేడం పేరు అన్నెకా. హస్ముఖ్‌భాయ్ అన్నెకాబెన్ అనేవాడు. బాలయ్య అనేకమ్మ అన్నాడు, అదే స్థిరపడింది. హాలెండ్ మనిషి. బడిలో మొక్కల పాఠాలు చెప్పి రిటైరై, ఇప్పుడు అక్కడ చిన్న బట్టల కొట్టు నడుపుతోంది. ఏళ్ల తరబడి ఆసియా కొండలూ పచ్చికలూ తిరిగి క్లోవర్లు చూసిన మనిషి. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. ముందే తెలిస్తే నేను ఆ రోజు జ్వరం తెచ్చుకునేవాణ్ని.

అడాజన్‌లో హస్ముఖ్‌భాయ్ ఆఫీసులో మా నమూనా బల్ల మీద పరిచాం. ఆమె కళ్లద్దాలు పైకి తోసి చూసింది, కిందికి దించి చూసింది. ఇది జూదం ఆడేవాళ్ల కోసమా అని అడిగింది. హస్ముఖ్‌భాయ్ మొహం సున్నం కొట్టినట్టయింది. బాలయ్య నా వైపు చూశాడు. నేను పంకా వైపు చూశాను.

"కళావర్ అన్నరు గద మేడం," అన్నాడు బాలయ్య, చేతులు కట్టుకుని.

ఆ మాట వినగానే ఆమె ఆగిపోయింది. మళ్లీ అనమంది. బాలయ్య మళ్లీ అన్నాడు. ఇంకోసారి అనమంది. మూడోసారికి ఆమె నవ్వడం మొదలుపెట్టింది. హస్ముఖ్‌భాయ్ చేత మాకు చెప్పించినదాని సారాంశం ఇది. వాళ్ల భాషలో ఆ గడ్డిని క్లావర్ అంటారు. పేకలోని ఆ గుర్తు కూడా ఆ గడ్డి ఆకే, దానికీ అదే పేరు. వందల ఏళ్ల కిందట వాళ్ల ఓడలు మన బందరు తీరానికి వచ్చినప్పుడు ఆ మాట మన నోట పడి ఉంటుందని, మనం దాన్ని కళావరుగా దాచుకున్నామని. అంటే బాలయ్య సరిగ్గానే విన్నాడు. మాటలో తప్పు లేదు, నా ఆకులోనే ఉంది.

నేను ఆ సంతోషంలో నోరు మూసుకుని ఉంటే కథ అక్కడితో సుఖంగా ముగిసేది. ఆమె ఫొటోలు ఇస్తాననీ, చూసి మళ్లీ గీయమనీ అంది. నాకు చిన్నతనమనిపించింది. ముప్పై ఏళ్ల సర్వీసున్న మాస్టర్‌కు ఫొటోలా?

"ఫొటోలు ఎందుకు మేడం. ఆ గడ్డి మా ఊర్ల మస్తుగ ఉంటది. చెరువుగట్టు నిండ అదే."

హస్ముఖ్‌భాయ్ అనువదించాడు. ఆమె కళ్లు మెరిశాయి. దక్కన్ ఎండలకు క్లోవర్ తనంతట తాను మొలవదని, దానికి చలి కావాలని, కరీంనగర్ వైపు ఉందంటే అది ఎవరూ ఎక్కడా రాయని విషయమని, మొక్క ఒక్కటి తెప్పించగలవా అని అడిగింది. వారంలో తెప్పిస్తానన్నాను.

మెట్లు దిగుతూ బాలయ్య అడిగాడు: "నిజంగ ఉందా అన్నా మన దిక్కు?"

"వెతికితే దొరకనిది ఏముంటది తమ్మీ."

"ఉందా లేదా?"

"బస్సు వచ్చె, ఎక్కు."

పప్పులో వేసిన ఆకు

బాలయ్య షెడ్డు వెనక నల్లా కింద ఎప్పుడూ తడిగా ఉండేచోట మూడాకుల మొక్క గుంపుగా పెరిగేది. ఒక్కో ఆకూ అచ్చం గుండె గుర్తు. సన్న పసుప్పచ్చ పువ్వు. ఇంత అందమైనది క్లోవర్ కాకుండా ఎలా ఉంటుంది? వేళ్లతో సహా తవ్వి తడిబట్టలో చుట్టాను.

రాజవ్వ చూసింది. "బావా, గది పులిచింతాకు. మొన్ననే పప్పుల ఏసిన."

"నువ్వు పప్పుల ఏసినవని దాని జాతి మారుతదా?"

"పుల్లగుంటది బావా."

"కరీంనగర్ క్లోవర్ పుల్లగనే ఉంటది."

ఊరి నుంచి రాత్రి బస్సులో తెప్పించినట్టు ఆఫీసుకు తీసుకెళ్లాను. అనేకమ్మ మూట విప్పి చూసింది. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని నమిలింది. మొహం ముడుచుకుపోయింది. ఇంకో ఆకు తుంచి నాకు ఇచ్చింది. నేనూ నమిలాను. పప్పులో బాగుంటుంది, ఉత్తగా తింటే పళ్లు జివ్వుమంటాయి.

ఇది క్లోవర్‌కు చుట్టం కూడా కాదట. క్లోవర్ ఆకు అంచు అలా గుండెలా లోపలికి నొక్కుకుపోయి ఉండదట. ప్రపంచంలో సగం మంది బొమ్మలు గీసేవాళ్లు దీన్నే చూసి క్లోవర్ అని గీస్తారట. ఆ చివరి మాట నాకు ఊరటగా వినబడింది, కానీ ఆమె ఊరట కోసం చెప్పలేదు. సంచి భుజాన వేసుకుని లేచింది. హస్ముఖ్‌భాయ్ కూడా లేచాడు. ఆయన లేవడం చూస్తే ఈ ఆర్డర్ కిమ్ వైపో, ఇంకెటో వెళ్లిపోతుందని తెలిసిపోయింది.

బాలయ్య మాత్రం కూర్చునే ఉన్నాడు. "మేడం," అన్నాడు, "ఈయన అబద్ధాలకోరు. నాకు తెలుసు. కానీ చెయ్యి మంచిది. నా మగ్గాలు తూకానికి పోతయి మేడం. ఒక్క అవకాశం ఇయ్యుండ్రి."

నా గురించి నా ముందే ఇంత క్లుప్తంగా, ఇంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు. హస్ముఖ్‌భాయ్ అనువదించాడు. అబద్ధాలకోరు అన్న ముక్కను కాస్త ఎక్కువ ఇష్టంగా అనువదించినట్టు నాకు అనిపించింది. అనేకమ్మ నన్ను చాలాసేపు చూసి ఒకే షరతు పెట్టింది: ఈయన ఒక్క క్లోవర్‌నైనా కళ్లతో చూసి, నా ఎదుట గీయాలి. ఆ తర్వాత మాట్లాడదాం.

కిమ్ దగ్గరి కొట్టం

సూరత్‌లో క్లోవర్ ఎక్కడ దొరుకుతుంది? బర్రెల దగ్గర దొరుకుతుందని హస్ముఖ్‌భాయ్ ఎవరినో కనుక్కున్నాడు. చలికాలంలో కొందరు మేత కోసం బర్సీమ్ అనే గడ్డి వేస్తారు, అదొక రకం క్లోవర్. కిమ్ దాటాక గోవింద్‌భాయ్ అని ఒకాయన బర్రెల కొట్టం ఉంది. నలుగురం హస్ముఖ్‌భాయ్ కారులో వెళ్లాం. దారిలో ఆ మిల్లు గేటు వచ్చింది. బాలయ్య అటువైపు కిటికీ పక్కనే కూర్చున్నాడు. గేటు దాటేదాకా తన చెప్పులు చూసుకుంటూ ఉన్నాడు.

కొట్టంలో గోవింద్‌భాయ్ ఒక మోపు మేత తెచ్చి వేశాడు. మూడేసి ఆకులు. నేను చటుక్కున వంగి, "ఇదే" అన్నాను.

అది రజ్కో, ఇక్కడ అందరూ వేసే మేత. అనేకమ్మ ఒక రెమ్మ తీసి, మధ్య ఆకును గోటితో చూపించింది. మూడాకుల్లో మధ్యదానికి విడిగా పొట్టి కాడ ఉంది. మెంతాకులో కూడా అంతే ఉంటుందట. రోజూ తినే మెంతికూరలో మధ్య ఆకుకు కాడ ఉంటుందని నాకు యాభై ఐదేళ్ల వయసులో తెలిసింది.

బర్సీమ్ పక్క మడిలో ఉంది. బురదలో దిగాం. ఆమె ఒక కాడ తెంపి నా చేతిలో పెట్టింది. మూడాకులూ ఒకే చోటు నుంచి, అన్నదమ్ముల్లా విచ్చుకున్నాయి. కోలగా, మెత్తగా ఉన్నాయి. గుండె గుర్తు లేదు. కాడ మొదలును చుట్టుకుని పల్చటి పొర ఉంది. పువ్వు అనుకున్నది ఒక పువ్వు కాదు, చిన్న చిన్న పూలన్నీ గుత్తిగా కూర్చున్నాయి. గట్టు మీద చతికిలబడి గీశాను. ఒక్కో గీతకు ముందు ఆకును తిప్పి తిప్పి చూడాల్సి వచ్చింది. చూడకుండా గీసేటప్పుడు ఇంతసేపు ఎన్నడూ పట్టలేదు. ఒక బర్రె వెనక నుంచి మెడ చాచి నా మొదటి కాగితం నమిలేసింది. దానికి నచ్చినట్టే ఉంది.

రెండో కాగితం అనేకమ్మ చేతికిచ్చాను. ఆమె బురదలోనే నిలబడి చూసింది. ఆకు అంచును వేలితో తడిమి, హస్ముఖ్‌భాయ్‌తో ఏదో అంది. "బెన్ గట్టు మీద కూర్చుంటారట, నీళ్లు తెమ్మంటున్నారు," అన్నాడు ఆయన. పాస్ అన్నమాట.

అప్పుడు ఆమె తన ఫోన్ తీసి ఒక్కో ప్రాంతపు మొక్క చూపించింది. ఇది మనుషులు వేసింది, నాకు కావలసినవి తమంతట తాము పెరిగేవి అని ముందే చెప్పింది. కాశ్మీర్ పచ్చికల్లో తెల్ల పూల క్లోవర్, ఆకు మీద సున్నంతో గీసినట్టు లేత గీత. గొర్రెలు ఎక్కువగా మేసే కొండ మీద అదే మొక్క ఆకులు చిన్నవైపోతాయట. దేశానికో తీరున ఉంటుందని నేను కోసిన కోత మరీ గాలిలోది కాదని లోలోపల మురిశాను. ఇరాన్ దానికి పూలు తలకిందులుగా తిరిగి ఉంటాయి. టర్కీ దానికి పువ్వు రాలాక నూగుతో నక్షత్రాలు మిగులుతాయి. మధ్య ఆసియా ఉప్పునేలల్లో ఒకటుంది, కాయ పట్టాక స్ట్రాబెర్రీలా ఉబ్బుతుంది. జపాన్ తెల్ల క్లోవర్ వద్దంది. అది వాళ్ల ఓడల్లోనే వెళ్లిందట, గాజు సామాను పగలకుండా మధ్యలో కుక్కిన ఎండుగడ్డి నుంచి గింజలు రాలి.

చివరిగా మంగోలియా, కొరియా వైపుది. ఊదారంగు పువ్వు. ఆకులు లెక్కపెట్టాను. ఐదు. మళ్లీ లెక్కపెట్టాను. ఐదే. మూడాకుల జాతే, కానీ చలి ఎక్కువైన ఆ చివరన దీనికి ఐదు.

పిల్లలూ, మీకు చెప్పదలచుకున్న పాఠం ఏదైనా ఉంటే ఆ మడిలోనే ఉంది. కంప్యూటర్‌లో క్లోవర్ అని కొడితే లక్ష బొమ్మలు వస్తాయి. అందులో సగం రాజవ్వ పప్పులో వేసేవి. గీయడానికి ముందు ఒక్కసారి చేత్తో పట్టుకోండి, వీలైతే నమలండి.

ఐదాకులు

ఐదు శాలువాలకు ఐదు గ్రాఫులు గీశాను. జీవితంలో మొదటిసారి ఒక్క గడి కూడా కల్పించకుండా గీశాను. అట్టలు కొట్టించి బాలయ్యకు ఇచ్చాను. నాలుగింటికీ తలూపాడు. ఐదోది చూసి ఆగాడు.

"గిదేందన్నా, ఐదున్నయి?"

"ఐదే ఉంటయి తమ్మీ."

"మూడాకుల గడ్డి అంటివి. తీన్ పత్తీ అనిరి."

"జాతి మూడాకులదే. మంగోలియాల మాత్రం ఐదు. నేను ఫోన్‌ల చూసిన."

అక్కడితో ఆపాలి. నిజాన్ని నిజంగా వదిలేయడం నాకు చేతకాలేదు. అది ఉత్తగా, అన్నంలో ఉప్పు లేనట్టు అనిపించింది. "అక్కడి గుర్రాలు గిదే తింటయి. అందుకే ఐదో కాలు ఉన్నట్టు ఉరుకుతయి," అని కలిపాను.

బాలయ్య రాజవ్వ వైపు చూశాడు. రాజవ్వ కండె ఆపి నా వైపు చూసింది. "మంచిది బావా," అంది. ఆమె నన్ను ఎదిరించకపోవడం నాకు గౌరవంగా తోచింది.

అనేకమ్మ వెళ్లిపోయే ముందు షెడ్డుకే వచ్చింది, మగ్గం చూడాలని. హస్ముఖ్‌భాయ్ వెంట ఉన్నాడు. శాలువాలు ఒక్కొక్కటే పరిచాం. కాశ్మీర్ లేత గీత చూసి వేలితో రాసింది. తలకిందుల పూలు చూసి నవ్వింది. నక్షత్రాలు, స్ట్రాబెర్రీ కూడా పాసయ్యాయి. ఐదోది పరిచాం. ఊదా పువ్వు, కింద ఆకులు.

మూడు.

ఆమె నా వైపు చూసింది. నేను వంగి లెక్కపెట్టాను. నా గీత నాకు తెలియదా? రెండు ఆకులు ఉండవలసినచోట ఉత్త బట్టే ఉంది, శుభ్రంగా.

"నేను ఐదు గీసిన," అన్నాను.

"మల్లేశ్‌భాయ్, బస్ కరో," అన్నాడు హస్ముఖ్‌భాయ్, అలసిపోయినట్టు.

"సచ్ బోల్ రహా హూఁ. ఐదు గీసిన."

ఆ షెడ్డులో ఒక్కరూ నమ్మినట్టు కనబడలేదు. వాళ్లను తప్పుపట్టలేను. నేనైనా నమ్మేవాణ్ని కాదు. అనేకమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకోసాగింది. ఆమె నోరు తెరిస్తే ఏమంటుందో అందరికీ తెలుసు. మగ్గాలు ఆరూ ఆగి ఉన్నాయి.

"ఆయన గీసింది ఐదే," అన్నాడు బాలయ్య. మగ్గం పైనుంచి అట్టల దండ కిందికి దింపి చూపించాడు. ఆ రెండు ఆకుల రంధ్రాలన్నిటి మీదా మైదా జిగురుతో కాగితం ముక్కలు అంటించి ఉన్నాయి. రాజవ్వ, అతను కలిసి రాత్రంతా అంటించారట, ఒక్కో రంధ్రం వెతికి. "మళ్ల కత చెప్పిండనుకున్న మేడం. గుర్రాలంటడు, ఐదో కాలంటడు. మీ ముందట మళ్ల ఇజ్జత్ పోతదని, మగ్గాలు పోతయని, మేమే మంచిగ చేసినం."

హస్ముఖ్‌భాయ్ అనువదించడం మొదలుపెట్టి, గుర్రాల దగ్గర తడబడి, మళ్లీ మొదలుపెట్టాడు. అనేకమ్మ ఆ అట్టలను చేతిలోకి తీసుకుని, ఆ కాగితం ముక్కలను వెలుగుకు పెట్టి చూసింది. చుట్టుపక్కల ఒక్క పోగు కూడా చెడకుండా రెండు ఆకులను మాయం చేయడం తేలిక కాదు. ఆమెకు అది తెలిసినట్టే ఉంది. కండెల పెట్టె మీద కూర్చుని, టీ తెమ్మంది. ఇప్పుడే నేయమంది, చూస్తానంది.

బాలయ్య దబ్బనం తీసుకుని కాగితాలను మళ్లీ పొడిచాడు. రాజవ్వ అట్టలు అందించింది. నేను మధ్యలో నిలబడి, ఇక్కడ కాదు, అక్కడ, అని చెప్పబోతే ఇద్దరూ ఒకేసారి ఊరుకోమన్నారు. మగ్గం నడిచింది. మొదటి ఆకు వచ్చింది, రెండోది, మూడోది. రాజవ్వ పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది. నాలుగోది. ఐదోది పూర్తయ్యేసరికి అనేకమ్మ టీ తాగడం ముగించింది. ఇదే ఎక్కువ కావాలంది. ఐదాకులది ఇంకెవరూ గీయరట, అందరూ మూడే గీస్తారట.

వాళ్లు కారెక్కి వెళ్లాక, బాలయ్య ఆగిన మగ్గాల్లో ఒకదానికి నూనె వేయసాగాడు. నేనే చొరవ తీసుకుని, "చూసినవా తమ్మీ, నేను నిజమే చెప్పిన," అన్నాను.

"చెప్పినవన్నా," అన్నాడు, నూనె డబ్బా పక్కన పెట్టి. "ఇంకోసారి నిజం చెప్పేదుంటే, జర ముందుగాల చెప్పు, ఇది నిజమని."